పేగు వాపుకి అలర్జీ సిరప్పా?

అలర్జీ అనగానే చాలా ఇళ్లలో చెయ్యి నేరుగా మందుల డబ్బాలోకి వెళ్తుంది. తుమ్ములైనా దద్దుర్లైనా యాంటీహిస్టమిన్‌ పడితే సర్దుకుంటుందని ధీమా. పెద్దవాళ్ల సంగతి సరే... పాలు పడక, మలంలో నెత్తురు కనిపిస్తున్న నెలల బిడ్డకి అదే సిరప్‌ పోస్తే? ఆ పేగు వాపు తగ్గదు. ఎందుకంటే అక్కడ అసలు దోషి హిస్టమిన్‌ కాదు!

ఒకే పాలు... రెండు రకాల పోరు

పాలలోని ప్రొటీన్లను శత్రువులనుకుని శరీరం తిరగబడటమే పాల అలర్జీ. కొందరు పిల్లల్లో ఈ పోరుకి ఐజీఈ అనే యాంటీబాడీలు కారణం. పాలు తాగిన నిమిషాల్లో, మహా అయితే రెండు గంటల్లో దద్దుర్లు, పెదాల వాపు, వాంతులు వస్తాయి. వీళ్లలో హిస్టమిన్‌ ఎక్కువగా విడుదలవుతుంది కాబట్టి దద్దుర్లు, దురద వరకూ యాంటీహిస్టమిన్‌ పనిచేస్తుంది. ఊపిరి అందకపోయినా, బిడ్డ తోటకూర కాడలా వాలిపోయినా ఆ మందుని నమ్ముకోకూడదు. వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. అప్పుడు కావాల్సింది ఎడ్రినలిన్‌ ఇంజెక్షన్‌.

రెండోది నిదానంగా సాగే పోరు. దీనిలో ఐజీఈ ప్రమేయం ఉండదు. ఇసినోఫిల్స్‌ అనే తెల్లరక్తకణాలు పెద్దపేగు చివరిభాగంలోని లోపలి పొరలో చేరి వాపు తెస్తాయి. ఎక్కువగా ఆరు నెలల లోపు పిల్లల్లో కనిపిస్తుంది. బిడ్డ హుషారుగానే ఉంటాడు, బరువూ పెరుగుతాడు. మలంలో మాత్రం జిగురు, రక్తపు చారలు! చనుబాలు తప్ప మరేమీ ఎరగని పిల్లలకీ ఇది రావచ్చు. తల్లి తీసుకున్న పాలు, పెరుగులోని ప్రొటీన్లు కొద్దిగా చనుబాలలోకి చేరడమే అందుకు కారణం.

మానేస్తేనే మందు

ఇన్ఫెక్షన్‌, మలద్వారం దగ్గర చీలిక లాంటివి కావని డాక్టరు తేల్చాక, చికిత్స ఒకటే... పాల ప్రొటీన్‌ని దూరం పెట్టడం. తల్లిపాలు మాన్పించాల్సిన పనిలేదు. తల్లే పాలు, పెరుగు, మజ్జిగ, పనీర్‌, కోవా స్వీట్లు, పాలపొడి కలిపిన బిస్కెట్లు మానేయాలి. నెయ్యిలోనూ ప్రొటీన్‌ జాడ మిగలొచ్చు. చాలామంది పిల్లల్లో కొద్దిరోజుల్లోనే నెత్తురు తగ్గుముఖం పడుతుంది. పూర్తిగా ఆగడానికి కొన్ని వారాలు పట్టొచ్చు. ఈలోగా తల్లికి క్యాల్షియం తగ్గకుండా చూసుకోవాలి.

డబ్బా పాలు తాగే బిడ్డకి, ప్రొటీన్‌ని చిన్న ముక్కలుగా విడగొట్టి తయారుచేసిన ప్రత్యేక ఫార్ములాని డాక్టరు సూచిస్తారు. ఆవుపాలు పడలేదని గేదెపాలకో మేకపాలకో మారితే లాభం లేదు. వాటి ప్రొటీన్లూ దాదాపు అలాంటివే.

నిద్ర వెనక ముప్పు

సిరప్‌ పోయగానే బిడ్డ నిద్రపోతే నయమైందనుకోవడం పొరపాటు. పాతతరం యాంటీహిస్టమిన్లు మత్తునిస్తాయి. ప్రొమెథజిన్‌ వల్ల ఊపిరి ఆగి మరణాలు సంభవించడంతో, రెండేళ్ల లోపు పిల్లలకు దాన్ని ఇవ్వొద్దని అమెరికా ఎఫ్‌డీఏ 2004లో తీవ్రంగా హెచ్చరించింది. మన దేశంలోనూ క్లోర్‌ఫెనిరమిన్‌, ఫినైలెఫ్రిన్‌ కలిసిన జలుబు మందుని నాలుగేళ్ల లోపు పిల్లలకు వాడరాదని లేబుల్‌ మీద ముద్రించాలంటూ 2023లో ఔషధ నియంత్రణ అధికారులు ఆదేశించారు.

ఊరటనిచ్చే విషయం ఏమిటంటే, ఈ రకం అలర్జీ చాలామందిలో ఏడాది నిండేసరికి దానంతటదే పోతుంది. పాలు మళ్లీ ఎప్పుడు మొదలుపెట్టాలో డాక్టరు చెబుతారు. అందాకా ఓపిక పట్టాల్సింది అమ్మానాన్నలే!