చెవికి బదులు ముల్లు

అనంతపురం సీమలో పుట్టి పెరిగినవారికి ఇంజను చప్పుడును వినడం ఒక విద్య. ఏడాదికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే కురిసే ఈ మెట్టనేలలో, నా చిన్నతనంలో మా నాయన బావిగట్టు మీద వేపచెట్టు నీడన కళ్లు మూసుకొని కూర్చుని, ఆయిలింజను చప్పుడును ఆలకిస్తూ ఉండేవాడు. బావిలో నీరు అడుగంటి, పంపు గాలి పీల్చడం మొదలుపెట్టగానే ఇంజను మీది బరువు తగ్గుతుంది. బరువు తగ్గిన ఇంజను ఒక్కసారి వడి పెంచుతుంది. చప్పుడు తేలికపడి పైకి లేస్తుంది. ఆయన కళ్లు తెరవకుండానే, "నీళ్లయిపోయినాయి, ఆపురా!" అని కేకవేసేవాడు. వేరుసెనగ చేనుకు ఆ పూట దక్కిన తడి ఎంతో ఆ చప్పుడులోనే తెలిసిపోయేది.

ఆ విద్య నాకూ అబ్బినది. ముప్పది సంవత్సరాలు పాఠశాలలో లెక్కలు చెప్పి, దాచుకొన్న సొమ్ముతో పాత మారుతి 800 కారు ఒకటి కొన్నాను. 1983 డిసెంబరులో మన దేశపు రోడ్ల మీదికి వచ్చి, 2014లో తయారీ నిలిచిపోయిన ఆ చిన్న కారును ఎరుగని పాఠకులు ఉండరు. 796 ఘనపు సెంటీమీటర్ల ఇంజను, మూడు సిలిండర్లు, సుమారు 37 అశ్వశక్తి. ముందు పలకమీద వేగాన్ని చూపే ముల్లు ఉన్నది గాని, ఇంజను నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతున్నదో చూపే టాకోమీటరు నా కారులో లేదు. ఆ లోటు నాకు ఏనాడూ తోచలేదు. గేరు ఎప్పుడు మార్చవలెనో చెవి చెప్పేది.

రెండేళ్ల క్రిందట ఆ చెవి నన్ను మోసగించినది. వినికిడి తగ్గుతున్నదని ఇంటివారు అంటూనే ఉన్నారు, నేను ఒప్పుకోలేదు. వేసవిలో ఒకనాడు కదిరికి పోతూ, ముదిగుబ్బ దాటిన తరువాత ఎగుడుదారిలో, మూడవ గేరులో ఉన్నాననుకొని రెండవ గేరులోనే చాలాదూరం నడిపాను. స్పీడోమీటరు నలభై అయిదు చూపుతున్నది. మితమైన వేగమే కదా అని నిశ్చింతగా ఉన్నాను. అదే వేగానికి మూడవ గేరులో తిరగవలసిన దానికంటె ఇంజను ఒకటిన్నర రెట్లకు మించి తిరుగుతూ ఆక్రోశిస్తున్నదని నాకు వినపడలేదు. వేడిని చూపే ముల్లువైపు చూడకపోవడం కూడ నా తప్పే. హెడ్ గ్యాస్కెట్ పోయి, ఆవిరి కక్కుతూ బండి దారి ప్రక్కన ఆగినది.

"ఇక అమ్మేయండి నాయనా," అన్నాడు మా అబ్బాయి. అతని మాటలో కోపం లేదు, భయం ఉన్నది. కారు అమ్మడమంటే నాకు కారు పోవడం మాత్రమే కాదు. పల్లెలో ఒంటరిగా ఉన్న అక్కను వారానికొకసారి చూచి రావడం, మందులు అందించడం ఆగిపోతాయి. ఆరు నెలలు గడువడిగాను.

చెవికి యంత్రం పెట్టించుకొన్నాను. రాత్రిపూట నడపనని, పెద్ద రహదారి ఎక్కనని మాట ఇచ్చాను. మాటలు వినడానికి ఆ యంత్రం బాగానే పనికివచ్చినది. ఇంజను మ్రోతను మాత్రం అది ఒక మోస్తరు గరగరగా మార్చివేసినది. స్థాయిభేదం నాకు తెలియరాలేదు. అప్పుడు టాకోమీటరు మీద మనసుపోయినది.

ఈ పనిముట్టు కొత్తదేమీ కాదు. గ్రీకు భాషలో 'టాఖోస్' అంటే వడి. జర్మనీ దేశపు ఇంజనీరు డీట్రిచ్ ఊల్‌హార్న్ 1817లోనే యంత్రాల వడిని కొలిచే సాధనాన్ని చేశాడు. అది తిరిగే బరువులు వెలుపలికి విసరబడే బలాన్నిబట్టి పనిచేసేది. నేను కొన్నది అటువంటిది కాదు. అది నిప్పురవ్వలను లెక్కిస్తుంది.

మెకానిక్కు నా పూర్వవిద్యార్థి. లెక్కల్లో వెనుకబడినవాడు. (నేను ఆ కాలంలో అతనిని అనవసరంగా కొట్టాను, అతను మరచినట్లు నటిస్తాడు.) పెట్టె విప్పి చూచి, "నాలుగు వైర్లే సార్, గంటలో అయిపోతుంది" అన్నాడు. ముందుగా బ్యాటరీ నెగటివ్ తీసివేశాడు. ఎర్ర తీగను, తాళం త్రిప్పినప్పుడే కరెంటు వచ్చే చోట, ఫ్యూజు ద్వారా కలిపాడు. నల్లదాన్ని బాడీకి ఎర్తు చేశాడు. దీపపు తీగను పార్కింగు లైటుకు ఇచ్చాడు. అసలు వార్త తెచ్చేది నాలుగవది. ఇంజనుకూ మనకూ నడుమనున్న రేకులోని రబ్బరు బెజ్జం గుండా దాన్ని అవతలికి పంపి, ఇగ్నిషన్ కాయిల్ యొక్క నెగటివ్ మొనకు తగిలించాడు. కాయిల్ నడుమనుండి డిస్ట్రిబ్యూటరుకు పోయే లావుపాటి తీగను మాత్రం తాకనీయలేదు. దానిలో వేల వోల్టులుంటాయి. అక్కడ కలిపితే మీటరు కాలిపోతుంది, మనిషికీ ప్రమాదమే.

బండి స్టార్టు చేశాము. ముల్లు గజగజ వణికినది. వార్తాతీగ ప్లగ్గు తీగలకు ఆనుకొని పోతున్నదని గ్రహించి, దూరంగా జరిపి కట్టగానే వణుకు మానినది. కాని అది చూపిన అంకె 675.

అతను బానెట్టు మీద చెయ్యి ఆనించి విన్నాడు. "తప్పు సార్. ఇది తొమ్మిది వందలుంది. నేనే కదా సెట్ చేసినాను."

మీటరు వెనుక ఒక చిన్న మీట. దానికి 4, 6, 8 అని మూడు స్థానాలు. మూడు సిలిండర్ల ఇంజనుకు చోటే లేదు! 6 దగ్గర పెడితే ముల్లు 450కి దిగినది. అతను మీటరును తిట్టి, తిరిగి ఇచ్చివేద్దామన్నాడు. నేను సిగరెట్టు పెట్టె అట్ట ఒకటి తెమ్మని లెక్క వేశాను.

ఈ ఇంజనులో ఒక్కొక్క సిలిండరుకు రెండు చుట్లకొకసారి రవ్వ పుడుతుంది. నాలుగు సిలిండర్లయితే చుట్టుకు రెండు రవ్వలు, ఆరైతే మూడు. 4 స్థానంలో మీటరు 675 చూపినదంటే అది లెక్కించిన రవ్వలు నిమిషానికి 675 ఇంటు 2, అనగా 1350. 6 స్థానంలో 450 ఇంటు 3, మళ్లీ 1350. రెండు తావులా ఒకే సంఖ్య వచ్చినది గనుక మీటరు రవ్వలను సరిగానే లెక్కిస్తున్నది. మన బండికి మూడే సిలిండర్లు. చుట్టుకు ఒకటిన్నర రవ్వ. 1350ని ఒకటిన్నరతో భాగిస్తే సరిగా 900!

అతను అట్టను రెండుసార్లు చదివాడు. "మా చెవి లెక్క కూడా కరెక్టే కదా సార్," అన్నాడు. కరెక్టే. నేను బెత్తం పట్టుకొని నేర్పలేనిది అతను చెవితోనే నేర్చుకొన్నాడు. నాకు కొంచెం సిగ్గు, కొంచెం అసూయ కలిగినవి.

మీటను 6 దగ్గరే ఉంచాము. అక్కడ ముల్లు సరిగా సగం చెబుతుంది. రెట్టింపు చేసుకొంటే చాలు. అయినా నడిపేటప్పుడు గుణకారం ఎందుకని, అద్దం చుట్టూ కాగితపు వలయం అంటించి, 1 ఎదుట 2, 2 ఎదుట 4 అని వ్రాశాను. ఈ ఇంజనుకు లాగే బలం 2500 చుట్ల దగ్గర హెచ్చు. అక్కడ పచ్చసిరాతో గీత, 4000 దగ్గర ఎర్రగీత గీశాను.

2019లో పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కియా కర్మాగారం తెరిచారు. ఆ ఊరు 2022 నుండి శ్రీ సత్యసాయి జిల్లాలో చేరినది. అక్కడ తయారయ్యే కొత్త కార్లలో ఈ కొలత తయారీలోనే వస్తుంది. మా అబ్బాయి అటువంటిది కొనిస్తానన్నాడు. వద్దన్నాను.

గడువు తీరకముందే అతన్ని ప్రక్కన కూర్చోబెట్టుకొని, ఉదయపు చల్లదనంలో అదే దారిన పోయాను. ముదిగుబ్బ దాటిన ఎగుడులో ముల్లు ఎర్రగీతకు చేరువైనది. మూడవ గేరు వేశాను. పచ్చగీత దగ్గరకు దిగినది. అతను దారి చూడలేదు, ముల్లునే చూస్తున్నాడు. కదిరి చేరిన తరువాత బండి దిగి, బానెట్టుపై చెయ్యి పెట్టి చూచి, "కాఫీ త్రాగుదాము, పదండి," అన్నాడు.