స్త్రీశక్తి: టికెట్ ఫ్రీ అయినా టికెట్ ఎందుకు తీసుకోవాలి?

కళ్యాణదుర్గం నుంచి అనంతపురం పెద్దాసుపత్రికి పోవాలన్నా, ఉరవకొండ నుంచి కాలేజీకి పోవాలన్నా ఆడవాళ్లు ముందు చార్జీల లెక్క చూసుకునేవారు. వానలు లేక వేరుశనగ పోయిన ఏడాది ఆ లెక్క ఇంకా బరువు. 2025 ఆగస్టు 15న మొదలైన స్త్రీశక్తి పథకంతో ఆ ఖర్చు తప్పింది.

ఎవరికి వర్తిస్తుంది?
ఆంధ్రప్రదేశ్‌లో నివసించే బాలికలు, మహిళలు, ట్రాన్స్‌జెండర్లకు. ఆధార్, ఓటరు కార్డు, రేషన్ కార్డు లాంటి గుర్తింపు కార్డు ఒకటి వెంట ఉంచుకోండి.

ఏ బస్సులు?
పల్లెవెలుగు, అల్ట్రా పల్లెవెలుగు, సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్, ఎక్స్‌ప్రెస్. సూపర్ లగ్జరీ, ఏసీ, నాన్‌స్టాప్ బస్సుల్లో చెల్లదు.

బళ్లారి, బెంగళూరు పోతే?
రాష్ట్రం దాటే బస్సుల్లో టికెట్ కొనాలి. కర్ణాటకలో 2023 జూన్ 11 నుంచి ఇలాంటిదే ‘శక్తి’ పథకం ఉంది, కానీ అది అక్కడి నివాసులకే.

డబ్బు ఎవరు కడుతున్నారు?
ఉచితం అంటే ఖర్చు లేదని కాదు. మీ చార్జీని ప్రభుత్వం ఆర్టీసీకి చెల్లించాలి. అది మనందరి పన్నుల సొమ్మే. ఆ లెక్కకు ఆధారం మీకిచ్చే జీరో టికెట్. ‘ఎట్లాగూ ఫ్రీనే కదా’ అని టికెట్ తీసుకోకుండా కూర్చుంటే మీ ప్రయాణం లెక్కలోకి రాదు, ఆర్టీసీకి రావాల్సిన డబ్బు తగ్గుతుంది. రేపు మీ ఊరి ట్రిప్పుకు జనం లేరని కాగితం మీద కనబడితే నష్టం మీకే.

జనం ఏమంటున్నారు?
‘ఆసుపత్రికి పోవడానికి ఇంకొకర్ని డబ్బులడిగే పని లేదు’ అనేది ఒక మాట. ‘టికెట్ కొన్న మాకు సీటు లేదు’ అనేది మగవాళ్ల మాట. ‘మా బండి ఎక్కేవాళ్లు తగ్గారు’ అనేది ఆటోవాళ్ల బాధ. అందుకే 2025 అక్టోబరు 4న అర్హులైన ఆటో, క్యాబ్ డ్రైవర్లకు ఏడాదికి రూ.15,000 సాయం మొదలైంది. ఇక బస్సే రాని ఊరివాళ్ల ప్రశ్న అన్నిటికంటే సూటిది: ‘బస్సు లేనప్పుడు ఫ్రీ ఎవరికి?’ ఈ మాటల్లో ఏదీ కొట్టిపారేసేది కాదు. చార్జీకి పెట్టే డబ్బుతో పాటు కొత్త బస్సులకూ డబ్బు కావాలి.

మీరు ఏం చేయాలి?
• ఎక్కగానే జీరో టికెట్ అడిగి తీసుకోండి. దిగేదాకా దగ్గరుంచుకోండి.
• ఎక్కడ దిగుతారో ఆ స్టాపే చెప్పండి.
• బస్సు చాలకపోతే, రాకపోతే ఊరి పేరు, కావాల్సిన సమయం, ఎంతమంది ఎక్కుతారో రాసి, సంతకాలతో డిపో మేనేజర్‌కు అర్జీ ఇవ్వండి.
• పని కాకపోతే సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ పెట్టి, రసీదు తీసుకోండి.

బస్సు మన డబ్బుతో నడుస్తోంది. అడగడం మన హక్కు, లెక్కలో ఉండడం మన పని.