టంగ్‌స్టన్ గుళ్లతో షికారు.. ఆ వీడియోల్లో చెప్పని సంగతి

బెంజ్ సర్కిల్ దగ్గర బందరు రోడ్డు ఎక్కి పామర్రు, గుడివాడ, కైకలూరు మీదుగా వెళ్తే కొల్లేరు వస్తుంది. చలికాలం వచ్చిందంటే అక్కడ వలస బాతుల సందడే. సరిగ్గా ఆ రోజుల్లోనే మన కుర్రాళ్ల ఫోన్లలో అమెరికా షికారు వీడియోలు తిరుగుతుంటాయి. ఇంట్లోనే టంగ్‌స్టన్ గుళ్లు నింపి కార్ట్రిడ్జ్‌లు తయారు చేసుకుని బాతుల్ని కొట్టే వీడియోలవి.

అసలు టంగ్‌స్టన్ ఎందుకు? ఒకప్పుడు అందరూ వాడింది సీసమే. గురి తప్పిన గుళ్లు చెరువు అడుగున పడి ఉంటాయి. బాతులు మేత అరగడానికి చిన్న రాళ్లు మింగుతాయి కదా, ఆ రాళ్లతో పాటు సీసమూ మింగేస్తాయి. అది కందనకాయలో అరిగి రక్తంలో కలుస్తుంది. పక్షి నీరసించి చచ్చిపోతుంది. దాన్ని తిన్న గద్దకూ అదే గతి. అందుకే అమెరికాలో నీటి పక్షుల వేటకు సీసాన్ని 1991 నాటికి దేశమంతటా నిషేధించారు. యూరోపియన్ యూనియన్ కూడా 2023లో చిత్తడి నేలల్లో సీసం వాడకాన్ని ఆపేసింది.

సీసం స్థానంలో ఉక్కు గుళ్లు వచ్చాయి. అయితే సీసం సాంద్రత 11.3 ఉంటే ఉక్కుది 7.8 మాత్రమే. తేలిక గుండు గాలిలో త్వరగా వేగం కోల్పోతుంది. టంగ్‌స్టన్ సాంద్రత 19.3, దాదాపు బంగారమంత. గుండు చిన్నదైనా దూరం పోతుంది. ధర మాత్రం చాలా ఎక్కువ, అందుకే అక్కడివాళ్లు ఇంట్లో నింపుకుంటారు.

ఇక మన సంగతి. ఇక్కడ సీసమా, టంగ్‌స్టనా అన్న ప్రశ్నే రాదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదట్లో కొన్ని జంతువుల వేటకు లైసెన్స్ ఇచ్చేది. 1991 సవరణతో ఆ దారి మూసుకుపోయింది. తుపాకీతో కాల్చడమే కాదు, వల వేసి పట్టినా చట్టం దృష్టిలో వేటే. కొల్లేరు 1999 నుంచి అభయారణ్యం. అందులో వేటాడితే కనీసం మూడేళ్లు, గరిష్ఠంగా ఏడేళ్లు జైలు, పైగా జరిమానా. రోడ్డు పక్కన ఎవరో అమ్మే కొల్లేరు బాతు కొన్నవాళ్లకూ కేసు తప్పదు. మన ఇళ్లల్లో ముందు అడిగేది జబహ్ చేశారా లేదా అని. చట్టానికి అది పట్టదు, పక్షి ఎక్కడిదనే చూస్తుంది.

లైసెన్స్ లేకుండా కార్ట్రిడ్జ్ తయారు చేయడం ఇంకా పెద్ద నేరం. ఆయుధాల చట్టానికి 2019లో చేసిన సవరణ ప్రకారం శిక్ష కనీసం ఏడేళ్లు, యావజ్జీవం దాకా పడొచ్చు. వీడియో చూసి సరదాగా చేశానంటే కోర్టు వినదు.

అసలు చిక్కు ఎయిర్‌గన్‌తో. 0.177 బోరు, 20 జౌళ్ల లోపు శక్తి ఉన్నవాటికి లైసెన్స్ అక్కర్లేదు. దాంతో పిట్టల్ని కొట్టడానికీ అనుమతి ఉందనుకుంటారు, లేదు. వాటి గుళ్లు చాలావరకు సీసంవే. పిల్లల రక్తంలో ఇంత సీసమైతే ఫర్వాలేదనే హద్దు ఏదీ తెలియదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మాంసంలో చిట్లిన తునకలు కంటికి కనపడవు. అరుణాచల్ ప్రదేశ్‌లో 2021 నుంచి జనం ఎయిర్‌గన్‌లను ప్రభుత్వానికి అప్పగిస్తున్నారు.

దాదాల నాటి తుపాకీ ఇంట్లో ఉండి లైసెన్స్ గడువు దాటిపోతే, బీరువాలో దాచొద్దు. దగ్గర్లోని పోలీస్ స్టేషన్‌లో గానీ, లైసెన్స్ ఉన్న ఆయుధ డీలర్ దగ్గర గానీ జమ చేసి రసీదు తీసుకోవాలి.