పాఠం చెప్పే కంది చేను

* ఉన్నత పాఠశాల విద్యార్థులకు పరిసరాలే ప్రయోగశాల
* నాటిన మొక్క వేసవి దాటితేనే చదువు సార్థకం

కురిచేడు: మొక్కలు మనిషికి ఎందుకు అవసరమని ఉన్నత పాఠశాల విద్యార్థిని అడిగితే ప్రాణవాయువు ఇస్తాయి, నీడనిస్తాయి, వర్షాలు కురిపిస్తాయి అని తడుముకోకుండా చెబుతాడు. మార్కులకు ఆ సమాధానం సరిపోతుంది. వేసవి వస్తే బోర్లు అడుగంటే, పంట పోతే వలస తప్పని పశ్చిమ ప్రకాశం పల్లెల్లో పెరిగే పిల్లలకు మాత్రం అది చాలదు. తినే తిండి, తాగే నీరు, ఒంట్లోని రక్తం, పొలంలోని సారం అన్నీ మొక్కతో ఎలా ముడిపడి ఉన్నాయో వారికి తెలియాలి. అందుకు ఖరీదైన పరికరాలు అక్కర్లేదు. కురిచేడు చుట్టూ ఉన్న కంది చేలు, గట్లపై చింత చెట్లు, బడి ఆవరణలోని వేప, మధ్యాహ్న భోజన పళ్లెం చాలు.

పళ్లెంలో మొక్క ఇవ్వనిదేది?

పాఠాన్ని భోజన విరామంలోనే మొదలుపెట్టవచ్చు. పళ్లెంలో మొక్క నుంచి రానిదేదో చెప్పమని విద్యార్థులను అడగాలి. అన్నం వరి నుంచి వచ్చింది. పప్పు కంది నుంచి, పులుపు చింత నుంచి, కారం మిరప నుంచి, నూనె గింజల నుంచి వచ్చాయి. కోడిగుడ్డు మొక్కది కాదని కొందరు అంటారు. కోడి తిన్న గింజలు ఎక్కడివని అడిగితే వారే ఆలోచనలో పడతారు. పాలు, మాంసం సంగతీ అంతే. చివరకు మిగిలేవి ఉప్పు, నీరు.

సూర్యరశ్మిని ఆహారంగా మార్చే శక్తి మనిషికి లేదు. ఆ పని ఆకులోని పత్రహరితం చేస్తుంది. గాలిలోని బొగ్గుపులుసు వాయువును, వేళ్లు పీల్చిన నీటిని కలిపి పిండి పదార్థం తయారు చేస్తుంది. ఇదే కిరణజన్య సంయోగక్రియ. మొక్కల ద్వారా ప్రపంచానికి అందే ఆహార శక్తిలో సగానికి పైగా వరి, గోధుమ, మొక్కజొన్న అనే మూడు పంటలదే. కొద్ది పంటలపైనే ఇంతమంది ఆధారపడటం ప్రమాదకరమన్న సంగతి పిల్లలకు చెప్పాలి. తక్కువ నీటితో పండే సజ్జ, కొర్ర, వరిగ ఈ మెట్ట ప్రాంతంలో ఒకప్పుడు ఇంటింటి ఆహారం. ఐక్యరాజ్యసమితి 2023ను అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించింది. ఆ ధాన్యాలు ఎలా పండేవో, ఎలా వండేవారో తాతమ్మలను అడిగి రాసుకుని రమ్మంటే అదే ఒక పాఠమవుతుంది.

ప్రాణవాయువు: కొంత నిజం.. కొంత అపోహ

రావిచెట్టు రాత్రి కూడా ప్రాణవాయువు ఇస్తుందని పల్లెల్లో చాలామంది నమ్ముతారు. ఇది సరికాదు. వెలుగు లేనిదే ఏ మొక్కా ప్రాణవాయువును విడుదల చేయదు. రాత్రి వేళ చెట్లు కూడా మనలాగే ప్రాణవాయువు పీల్చుకుని బొగ్గుపులుసు వాయువు వదులుతాయి.

ఈ విషయాన్ని మనిషి తెలుసుకున్న తీరు ఆసక్తికరం. 1771లో ఇంగ్లండుకు చెందిన జోసెఫ్ ప్రీస్ట్‌లీ కొవ్వొత్తి మండి ఆరిపోయిన గాలిలో పుదీనా మొక్కను ఉంచాడు. కొన్ని రోజుల తరువాత అదే గాలిలో కొవ్వొత్తి మళ్లీ వెలిగింది. మొక్క గాలిని బాగుచేస్తోందని అర్థమైంది. ఆ పని వెలుగులోనే, అదీ ఆకుపచ్చని భాగాలే చేస్తాయని 1779లో యాన్ ఇంగెన్‌హౌజ్ తేల్చాడు. నీటి తొట్టెలో పెరిగే హైడ్రిల్లా మొక్కను గాజు గరాటు కింద ఉంచి ఎండలో పెడితే బుడగలు పైకి రావడాన్ని విద్యార్థులు స్వయంగా చూడవచ్చు. నీడలోకి మారిస్తే బుడగలు తగ్గుతాయి. భూమిపై ఏటా తయారయ్యే ప్రాణవాయువులో దాదాపు సగం సముద్రాల్లోని సూక్ష్మమైన వృక్ష ప్లవకాలదే. కాబట్టి చెట్టు విలువను ప్రాణవాయువు ఒక్కదానితోనే లెక్కించడం సరికాదు.

వేళ్లలో ఎరువుల కర్మాగారం

కురిచేడు ప్రాంత రైతులకు కంది తెలియని పంట కాదు. కంది వేసిన పొలంలో మరుసటి పంట బాగా వస్తుందని పెద్దలకు అనుభవం ద్వారా తెలుసు. ఎందుకో చెప్పగలిగేది జీవశాస్త్ర పాఠం. విత్తిన నెలన్నర, రెండు నెలలకు చేలో తేమ ఉన్నప్పుడు రైతు అనుమతితో ఒక మొక్కను మట్టితో సహా తవ్వి తీసి, నీటిలో మెల్లగా కడిగితే వేళ్లకు చిన్నచిన్న బుడిపెలు కనిపిస్తాయి. వాటిలో రైజోబియం అనే బ్యాక్టీరియా ఉంటుంది. గాలిలో 78 శాతం ఉన్న నత్రజనిని మొక్కలు నేరుగా వాడుకోలేవు. ఈ బ్యాక్టీరియా దాన్ని మొక్కకు పనికివచ్చే రూపంలోకి మారుస్తుంది. బదులుగా మొక్క దానికి ఆహారం పెడుతుంది.

బుడిపెను గోటితో చీల్చి చూడమనాలి. లోపల గులాబీ రంగులో ఉంటే అది చురుగ్గా పనిచేస్తున్నట్లు. ఆ రంగు లెగ్‌హీమోగ్లోబిన్ అనే పదార్థానిది. మన రక్తంలోని హీమోగ్లోబిన్‌కు అది దగ్గరి బంధువు. రెండింటిలోనూ ఇనుము ఉంటుంది. కంది వేరుకూ తన రక్తానికీ ఉన్న ఈ చుట్టరికం చూసిన విద్యార్థి ఆ పాఠాన్ని మరచిపోడు. శనగ, పెసర, మినుము, అలసంద మొక్కల్లోనూ ఈ బుడిపెలు ఉంటాయి. వరి, మిరప, పత్తికి ఉండవు. అందుకే వాటికి నత్రజని ఎరువు తప్పనిసరి అవుతోంది. పంట మార్పిడి చేస్తే యూరియా ఖర్చు ఎందుకు తగ్గుతుందో పిల్లలు ఇంట్లో చెప్పగలిగితే పాఠం పొలానికి చేరినట్లే.

రక్తానికి ఆకు.. ఎముకలకు పులుపు

కిశోర బాలికల్లో రక్తహీనత ఎక్కువ. బడిలో వారానికోసారి ఇచ్చే మాత్రలో ఇనుముతో పాటు ఫోలిక్ ఆమ్లం ఉంటుంది. ఆ పేరు లాటిన్‌లో ఆకు అనే అర్థమున్న మాట నుంచి వచ్చింది. 1941లో అమెరికా శాస్త్రవేత్తలు దానిని పాలకూర నుంచి వేరుచేశారు. భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వంలోని లెడర్లే పరిశోధకులు 1945లో కృత్రిమంగా తయారు చేశారు. ఆకులోని పదార్థం మాత్రగా మారిన ఈ కథలో తెలుగువాడి పాత్ర ఉందని చెబితే పిల్లలు ఉత్సాహంగా వింటారు. ఆకుకూరతో పాటు నిమ్మ, ఉసిరి తీసుకుంటే అందులోని సి విటమిన్ వల్ల ఇనుము ఒంటికి బాగా పడుతుందని, భోజనం చేస్తూనే టీ తాగితే తగ్గుతుందని కూడా వివరించాలి.

ఈ ప్రాంతానికి ఫ్లోరైడ్ సమస్య కొత్తది కాదు. దేశంలో ఫ్లోరోసిస్‌ను శాస్త్రవేత్తలు తొలిసారి వెల్లడించింది 1937లో, అప్పటి నెల్లూరు జిల్లాలో. నేటి పొదిలి, దర్శి, కనిగిరి ప్రాంతాలు నాడు ఆ జిల్లాలోనివే. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు 2002లో ప్రచురించిన ఒక అధ్యయనంలో బాలురకు రోజూ 10 గ్రాముల చింతపండు చొప్పున 18 రోజులు ఇచ్చి పరీక్షించారు. వారి మూత్రం ద్వారా ఫ్లోరైడ్ ఎక్కువగా బయటకు పోతున్నట్లు గుర్తించారు. చింతపండు తింటే జబ్బు నయమవుతుందని దీని అర్థం కాదు. సురక్షితమైన తాగునీటికి ప్రత్యామ్నాయమూ కాదు. గట్టున ఉన్న చింత చెట్టు కూడా పరిశోధనకు తగిన విషయమేనని చెప్పడానికి ఇది చక్కని ఉదాహరణ.

మందు ఉన్నచోటే విషం

ఇళ్ల ముందు పూసే బిళ్లగన్నేరు నుంచి విన్‌క్రిస్టిన్, విన్‌బ్లాస్టిన్ అనే మందులు తీస్తారు. పిల్లల్లో వచ్చే రక్త క్యాన్సర్ చికిత్సలో విన్‌క్రిస్టిన్ కీలకం. అంతమాత్రాన ఆ ఆకులు నమలరాదు. శుద్ధి చేసి, మోతాదు కట్టిన తరువాతే అది మందు. లేకుంటే విషం. గన్నేరు, ఉమ్మెత్త, గురివింద గింజలు, కంచెల వెంట పెంచే అడవి ఆముదం కాయలు ప్రమాదకరమని స్పష్టంగా చెప్పాలి. ఆటల్లో అడవి ఆముదం గింజలు తిని పిల్లలు ఆస్పత్రుల పాలైన సంఘటనలు తరచూ జరుగుతున్నాయి. మొక్కను గుర్తుపట్టడం ప్రాణాలు కాపాడే చదువు.

వేప సంగతి వేరు. శిలీంధ్రాల నివారణకు వేపనూనె వాడే పద్ధతిపై అమెరికా వ్యవసాయ శాఖ, డబ్ల్యూ.ఆర్.గ్రేస్ కంపెనీ యూరప్‌లో 1994లో పేటెంటు పొందాయి. భారత రైతులకు ఇది ముందే తెలుసన్న వాదనతో పోరాటం సాగింది. 2000లో ఆ పేటెంటు రద్దయింది. 2005లో అప్పీలు కూడా వీగిపోయింది. పల్లెల్లోని జ్ఞానానికి విలువ ఉందని, దాన్ని రాసి భద్రపరచాలని ఈ కేసు నేర్పుతుంది.

చెట్టుకూ చెరువుకూ బంధం

మే నెలలో ఈ ప్రాంతంలో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. ఆ ఎండలో వేప నీడకు, రేకుల కప్పు నీడకు తేడా ఎవరికైనా తెలుస్తుంది. కారణం బాష్పోత్సేకం. వేళ్లు పీల్చిన నీటిని ఆకులు ఆవిరిగా వదులుతూ చుట్టూ వేడిని తగ్గిస్తాయి. ఆకులున్న కొమ్మకు పారదర్శకమైన ప్లాస్టిక్ సంచి కట్టి రెండు గంటలు ఉంచితే లోపల నీటి బిందువులు చేరతాయి.

నీటి పాఠానికి గుండ్లకమ్మ ఉంది. నల్లమలలో పుట్టిన ఈ నది కంభం చెరువును నింపి, పశ్చిమ ప్రకాశం మీదుగా సాగి బంగాళాఖాతంలో కలుస్తుంది. విజయనగర కాలం నాటి కంభం చెరువును 2020లో అంతర్జాతీయ నీటిపారుదల సంఘం వారసత్వ కట్టడంగా గుర్తించింది. అడవిలో రాలిన ఆకులు, వేళ్లు వాన నీటిని నిలిపి భూమిలోకి ఇంకిస్తాయి. చెట్లు లేని గుట్టపై అదే వాన మట్టిని కోసుకుంటూ పోతుంది. ఆ మట్టి చెరువుల్లో పూడికగా చేరుతుంది. కొండపై చెట్టు పోతే దిగువన బోరు ఎండుతుందన్న సంగతి పటం గీసి చూపితే సులభంగా అర్థమవుతుంది.

పచ్చనివన్నీ మేలు చేయవు

1870వ దశకంలో కడప ప్రాంతంలో వంటచెరకు కోసం తెచ్చి నాటిన సర్కారు తుమ్మ ఇప్పుడు బంజర్లు, చెరువు శిఖాలను ఆక్రమించింది. బొగ్గులు కాల్చే పేదలకు అది ఉపాధి. మేతకు, ఇతర మొక్కలకు మాత్రం చోటు మిగల్చదు. 1955లో పుణె వద్ద తొలిసారి దృష్టికి వచ్చిన వయ్యారిభామ నేడు రోడ్ల పక్కనంతా కనిపిస్తోంది. చర్మ వ్యాధులు, ఆయాసం కలిగిస్తుంది కాబట్టి విద్యార్థులతో ఉత్త చేతులతో పీకించరాదు. పచ్చదనం అనగానే మంచిదేనని కాక ఏ మొక్క, ఎక్కడ, ఎవరికి మేలు అని అడగడం పిల్లలకు అలవాటు కావాలి.

మేలో ఎవరు నీరు పోస్తారు?

పర్యావరణాన్ని పాఠ్యాంశంగా బోధించాలని ఎం.సి.మెహతా కేసులో సుప్రీంకోర్టు 1991లోనే ఆదేశించింది. 2001లో జాతీయ హరిత దళం పేరిట పాఠశాలల్లో క్లబ్బులు మొదలయ్యాయి. 1950 నుంచి ఏటా వనమహోత్సవం జరుగుతోంది. నాటడం వరకు లోటు లేదు. బతికించడమే కష్టం. దీనికి అందరి కళ్లెదుటే ఉన్న ఒక కారణం వేసవి సెలవులు. లేత మొక్కకు నీరు అత్యవసరమైన ఏప్రిల్ చివర నుంచి జూన్ రెండో వారం వరకు బడికి తాళం పడుతుంది. ఎనిమిదో తరగతిలో నాటిన మొక్క పదో తరగతి పూర్తయ్యేనాటికి బతికి ఉండాలంటే రెండు వేసవులు దాటాలి. ఎన్ని నాటారన్న లెక్క కన్నా ఎన్ని మిగిలాయన్న లెక్కే అసలు పరీక్ష.

విద్యార్థులతో చేయించవచ్చు

* వేప, కానుగ, చింత, నేరేడు వంటి కరవును తట్టుకునే మొక్కలనే ఎంచుకోవాలి. తొలకరి తరువాత నాటితే వేసవి నాటికి వేళ్లు లోతుకు దిగుతాయి.

* మొక్క పక్కన అడుగున చిన్న రంధ్రం ఉన్న మట్టికుండను పాతి వారానికి రెండుసార్లు నింపితే తక్కువ నీటితో తేమ నిలుస్తుంది. చుట్టూ కంప కడితే మేకల బెడద ఉండదు.

* ఒక్కో మొక్కకు ముగ్గురు విద్యార్థులను కేటాయించాలి. వారిలో బడికి దగ్గరలో ఇల్లున్నవారు ఒకరైనా ఉండాలి. సెలవుల వంతులను మార్చిలోనే రాసి గోడకు అంటించాలి.

* నెలకోసారి ఎత్తు, ఆకుల తీరు, పురుగు, తెగులు నమోదు చేయాలి. 2021లో తెలుగు రాష్ట్రాల్లో వేప కొమ్మలు ఎండిపోయినప్పుడు శిలీంధ్రం వల్ల వచ్చే కొమ్మ ఎండు తెగులుగా శాస్త్రవేత్తలు గుర్తించారు. ఇలాంటి మార్పులను ముందుగా పసిగట్టడానికి పుస్తకంలోని నమోదు ఉపకరిస్తుంది.

* ఎండిన మొక్కను లెక్కలోంచి కొట్టివేయరాదు. ఎందుకు ఎండిందో రాయించి, తొలకరికి అదే గుంతలో మరో మొక్క నాటించాలి.