పీహెచ్‌డీ తరువాతి మెట్టు

"డాక్టరేట్ వచ్చేసింది కదా, ఇంకా చదువేమిటి?" అని ఇళ్లలో పెద్దలు అడుగుతుంటారు. పోస్ట్ డాక్టోరల్ పరిశోధన చదువు కాదు, నెలనెలా జీతం వచ్చే పని. ఇందులో పరీక్షలు ఉండవు, కొత్త పట్టా రాదు. ఒక ప్రొఫెసర్ వద్ద రెండు మూడేళ్లు పనిచేసి, పరిశోధనను సొంతంగా నడపగలనని ప్రచురించిన పత్రాలతో రుజువు చేసుకోవాలి. ముఖ్యంగా సైన్సులో, ఐఐటీల వంటి చోట అధ్యాపక పదవికి ఈ అనుభవం ఎంతో బలం.

దీనికి రెండు దారులున్నాయి. మొదటిది, ప్రొఫెసర్‌కు మంజూరైన ప్రాజెక్టులో రీసెర్చ్ అసోసియేట్‌గా చేరడం. 2023లో కేంద్రం సవరించిన ప్రకారం దీనికి నెలకు 58,000 నుంచి 67,000 రూపాయలు, పైగా ఇంటి అద్దె భత్యం. హైదరాబాద్ విశ్వవిద్యాలయం, ఐఐటీ హైదరాబాద్, సీసీఎంబీ వంటి సంస్థలు ఇలాంటి ఖాళీలను తమ వెబ్‌సైట్లలో ప్రకటిస్తాయి.

రెండవది, అభ్యర్థి తన పేరు మీదే ఫెలోషిప్ తెచ్చుకోవడం. సైన్సు, ఇంజనీరింగ్ వారికి నేషనల్ పోస్ట్ డాక్టోరల్ ఫెలోషిప్ ఉంది. పీహెచ్‌డీ ఉండాలి, థీసిస్ సమర్పించినవారూ దరఖాస్తు చేయవచ్చు. వయసు 35 ఏళ్లు మించరాదు. స్త్రీలకు, ఎస్సీ, ఎస్టీ, ఓబీసీలకు, దివ్యాంగులకు ఐదేళ్ల సడలింపు ఉంది. ఇక్కడ ఒక జాగ్రత్త: రాష్ట్ర జాబితాలో బీసీ-ఇ అయినంత మాత్రాన కేంద్రం దృష్టిలో ఓబీసీ కారు. కేంద్ర జాబితాలోనూ ఆ వర్గం పేరు ఉండాలి.

విదేశాల్లోనూ గడువులున్నాయి. జర్మనీలోని హంబోల్ట్ ఫౌండేషన్ పోస్ట్ డాక్టోరల్ ఫెలోషిప్‌కు పీహెచ్‌డీ పొందిన నాలుగేళ్లలోపు దరఖాస్తు చేయాలి.

చిక్కంతా నడుమ వచ్చే ఖాళీలో ఉంది. యూజీసీ జేఆర్ఎఫ్ గరిష్ఠంగా ఐదేళ్లే వస్తుంది. పీహెచ్‌డీకి 2022 నిబంధనలు ఆరేళ్ల వరకు గడువిచ్చాయి. థీసిస్ ఇచ్చాక పరీక్షకుల నివేదికలు, వైవా పూర్తి కావడానికి నెలలు పడుతుంది. అప్పటికి ఫెలోషిప్ ఆగిపోయి ఉంటుంది, కొత్త జీతం మొదలై ఉండదు. మైనారిటీ విద్యార్థుల పీహెచ్‌డీకి తోడుగా ఉన్న మౌలానా ఆజాద్ ఫెలోషిప్‌ను కూడా 2022-23 నుంచి నిలిపివేశారు. ఇల్లు గడవక దొరికిన కొలువులో చేరిపోతే, వయసు, గడువు రెండూ దాటిపోతాయి. ఐదారేళ్ల శ్రమ అక్కడే ఆగిపోతుంది.

కనుక దాతలు ఈ కొద్ది నెలలను గుర్తించాలి. బడి ఫీజులకు, డిగ్రీ ఫీజులకు సాయం చేసే చేతులు చాలానే ఉన్నాయి. ఈ దశలో అడిగేవారూ తక్కువ, ఇచ్చేవారూ తక్కువ. నెల ఖర్చులు, ఇంటర్వ్యూ ప్రయాణం, వీసా రుసుము అందితే చాలు. థీసిస్ సమర్పించిన రసీదు, ప్రచురించిన పత్రాలు, చేర్చుకుంటామని ప్రొఫెసర్ ఇచ్చిన లేఖ చూసి అర్హత తేల్చుకోవచ్చు. మొదటి జీతం రాగానే ఈ సాయం అవసరం తీరిపోతుంది.