కోడిచారు

లంఖణము పరమౌషధమని పెద్దలందురు. కాని జ్వరము విడిచిన పిమ్మట గూడ రోగిని వట్టి గంజితో నుంచుట మాకు సమ్మతము గాదు. మాంసము భుజించు ఇండ్లలో అట్టివారికి కోడిచారు మేలు.

కూరకు గట్టియని త్రోసివేయు ముదురు నాటుపెట్టయే దీనికి శ్రేష్ఠము. 1 కిలో ముక్కలను ఎముకలతో సహా 2 లీటర్ల చన్నీట వేసి, సన్నని సెగపై నుంచి, పైకి తేలిన తెట్టెను తీసివేయవలయును. పిదప చిదిపిన అల్లము, వెల్లుల్లి, పసుపు, జీలకర్ర, కొద్దిగా మిరియములు చేర్చి 2 గంటలు ఉడికింపవలయును. తొందరపడి మంట పెంచితిమా, క్రొవ్వు నీట కలసి చారు మడ్డివారును. వడగట్టి చల్లార్చినపుడు తాటిముంజవలె పేరుకొనినచో ఎముకలలోని జిగురు చక్కగా దిగినదని యెరుంగునది. పైన కట్టిన క్రొవ్వును తీసి, మరల మరిగించి, అప్పుడే ఉప్పు వేయవలయును.

కర్నూలు, కడప సీమలవారికి కారము లేనిదే ముద్ద దిగదు. అయినను సోదరీమణులారా, జబ్బుపడి లేచినవారికి ఎండుమిరప వలదు!

ఇటలీ దేశపు తల్లులు ఇట్టి చారులోనే గోధుమపిండితో చేసిన సన్నని పలుకులనుడికించి బిడ్డలకు పెట్టుదురు. మనకు కొర్రలుండగా ఆ పలుకులేల? మెత్తని కొర్రన్నముపై చారు పోసి, గోరువెచ్చగా, కొంచెము కొంచెముగా పెట్టవలయును. మూత్రపిండముల వ్యాధి గలవారికి మాత్రము వైద్యుని అడుగక ఈయరాదు.