నాయకునకు ముందు వలయునది వినెడి చెవి

ఇందల్వాయి మీదుగా హైదరాబాదునకుఁ బోవు రాజమార్గమున ఎన్నికల దినములలో నాయకుల మోటారులు వరుసలు గట్టి పోవుచుండును. ఇరుప్రక్కల చేలలో నిలుచున్నవాని మనస్సున నేమున్నదో దిగి యడుగువారు మాత్రము తక్కువ. నాయకత్వమునకు వాగ్ధాటియు, విద్యయు, ధనమును జాలునని పలువురు తలంతురు. ఇతరుల మనస్సు నెఱుఁగుటయు, తన కోపము నడఁచుకొనుటయు వానికంటె ముందు వలయునని మా యభిప్రాయము. 1990లో అమెరికా మనశ్శాస్త్రజ్ఞులగు సాలొవే, మేయరు ఈ గుణమును ప్రజ్ఞలో నొక శాఖగాఁ బేర్కొని చర్చకుఁ దెచ్చిరి. తల్లి కడుపు చూచునని మన సామెత. నాయకుఁడును అట్లే చూడవలయును.

ఇది లోపించిన నేమగునో నిజామాబాదు 2019లో దేశమునకుఁ జూపినది. పసుపు క్వింటాలునకు 15,000 రూపాయలు, ఎఱ్ఱజొన్నకు 3,500 రూపాయలు ధర కావలయుననియు, పసుపునకుఁ బ్రత్యేకముగా నొక బోర్డు వలయుననియు రైతులు కోరిరి, రోడ్లపైఁ గూర్చుండిరి. తమ మొఱ నాలకించువారు లేరని తోఁచినపుడు వారు కఱ్ఱలు పట్టలేదు. నామినేషన్ పత్రములు పట్టిరి. ఆ లోకసభ స్థానమునకుఁ బోటీ చేసిన 185 మందిలో 170 మందికిఁ బైగా రైతులే. ఏప్రిలు 11వ తేదీని ఒక్కొక్క పోలింగు కేంద్రమున 12 ఓటు పెట్టెలఁ బేర్పవలసివచ్చెను. అప్పటి సభ్యురా లోడిపోయిరి.

ఆ రైతులు గెలుతుమని నిలిచినవారు కారు. తమ మాట వినఁబడవలయునని నిలిచినవారు. కోరిన ధర యిచ్చుట నాయకుని చేతిలో లేకపోవచ్చును. కాని యెదుటఁ గూర్చుండి, నా చేత నింత యగును, ఇంత కాదు అని చెప్పుట చేతిలోనిదే. రైతు నష్టమును సహించును; అలక్ష్యమును సహింపఁడు.

మఱియొక దృష్టాంతము కలదు. 1951లో తెలంగాణము సాయుధపోరాటముతో నట్టుడుకుచుండఁగా వినోబా భావే కాలినడకను నల్లగొండ జిల్లా పోచంపల్లికి వచ్చిరి. ఏప్రిలు 18వ తేదీని హరిజనులను మీకేమి కావలయునని యడిగిరి. ఎనుబది యెకరములని వారనిరి. ఆయన యుపన్యసింపలేదు, ఎవ్వరిని నిందింపలేదు, ఊరివారినే యడిగిరి. వెదిరె రామచంద్రారెడ్డి గారు నూఱెకరము లిత్తుమని లేచిరి. బెదరించినఁ దెఱవని గుప్పిలి యడుగఁగాఁ దెఱచుకొనెను. అయితే పిమ్మట భూదానమున వచ్చిన నేలలో సాగునకుఁ బనికిరానిది కొంత, పేదలకుఁ జేరనిది కొంత యుండెను. హృదయమును కదల్చినంత మాత్రమునఁ బని ముగియదు. వెనువెంటఁ గొలతగొలుసును, పట్టాయును నడువవలయును.

బోధను మాటయు నిట్టిదే. 1931లో నిజాంసాగరము పూర్తియైనది. 1937లో చక్కెర కర్మాగారము స్థాపింపఁబడినది. నీటితో చెఱకు, చెఱకుతో కూలి, కూలితో బజారు పెరిగినవి. 2002లో ఆ కర్మాగారము ప్రైవేటు యాజమాన్యము చేతికిఁ బోయి, 2015లో మూతవడినది. లెక్కల పుస్తకమున నది నష్టము వచ్చిన యొక సంస్థ మాత్రమే. చెఱకు బండి తోలినవానికి, గానుగకాలము కొఱ కెదురుచూచినవానికి అది తండ్రి తాతల బ్రతుకు. ఈ రెండవ లెక్క తెలియనివాఁడు మొదటి లెక్కను సరిదిద్దినను జనము నమ్మదు.

ఈ మాటలు మంత్రులకు మాత్రమే కావు. కౌలుదారుఁడు గడువడిగినపుడు, కాలువ చివరి మడివాఁడు నీటికై వచ్చినపుడు, మన భూస్వాములందఱును నాయకులే. వచ్చినవానిని గుమ్మములో నిలువఁబెట్టి మాటాడుటయా, కూర్చుండఁబెట్టి వినుటయా యనుదానిపైననే యూరి శాంతి యాధారపడియున్నది. నూటడెబ్బదిమంది పత్రములు దాఖలు చేసినపిదప విన్న మొఱకు విలువ తక్కువ. ఒక్కఁడు వాకిటికి వచ్చిననాఁడే వినవలయును.